పీత శిలాజాల సైజుకూ పాత సముద్రాల వేడికీ లంకె ఉందా? కొలిచి తేల్చే పద్ధతి

కొలతలు మొదలుపెట్టక ముందే కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకోండి. నీళ్లు వెచ్చబడితే అందులో పెరిగే శీతరక్త జీవులు త్వరగా ఎదుగుతాయి, కానీ తక్కువ సైజులోనే ఈడుకొస్తాయి. దీన్ని ఉష్ణోగ్రత–పరిమాణ నియమం అంటారు. 2012లో ఫోర్‌స్టర్, హర్స్ట్, అట్కిన్సన్ చాలా జాతుల లెక్కలు పోల్చి చూశారు. పొడి బరువు 100 మిల్లీగ్రాములుండే జీవుల్లో ఒక్కో డిగ్రీకి నీటి జీవుల బరువు సుమారు 5 శాతం తగ్గితే, నేల జీవుల బరువు 0.5 శాతమే తగ్గింది. పీత అంతకన్నా చాలా బరువైనది కాబట్టి ఈ అంకెను కొలబద్దగా మాత్రమే వాడదాం.

సముద్రం 5 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. డిగ్రీకి 5 శాతం చొప్పున బరువు 0.77 వంతుకు దిగుతుంది. బరువు మూడు దిక్కులా పెరిగేది, వెడల్పు ఒక్క దిక్కే. అందుకే 0.77కి ఘనమూలం తీస్తే వెడల్పు 0.92 వంతు. అంటే 60 మి.మీ. వెడల్పున్న పీత డొప్ప (వీపు మీది గుల్ల) 55 మి.మీ. అవుతుంది. మీరు వెతుకుతున్నది ఆ 5 మి.మీ.లనే. మట్టి బరువుకి డొప్ప నలిగినా, పిల్ల పీతను పెద్దదనుకున్నా, ఫొటోలో స్కేలు తప్పు ఎత్తులో పెట్టినా అంత తేడా వచ్చేస్తుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ 5 మి.మీ.ని కాపాడుకోవడానికే.

తేడా రావడానికి అందరూ చెప్పే కారణం ఆక్సిజన్. మామూలు ఉప్పదనమున్న సముద్రపు నీళ్లు 10 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర 6 చిల్లరే. అదే సమయంలో వేడికి ఒంటి ఖర్చు పెరుగుతుంది. ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ మొప్పలు ఆ ఖర్చుకు సరిపోవు. ఇదొక్కటే కారణమా అన్నది ఇంకా తెగని వాదన. ఇప్పటి పీతల్లో మాత్రం జాడ కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో మినూకా పగ్నాక్స్ అనే ఫిడ్లర్ పీత ఫ్లోరిడా నుంచి మసాచుసెట్స్ వైపు వెళ్లే కొద్దీ సైజు పెరుగుతుంది. శిలాజాల్లో గట్టి ఉదాహరణ పీతలది కాదు, వాటి దూరపు చుట్టాలు, రెండు చిప్పల మధ్య బతికే చిన్న జీవులైన ఆస్ట్రకాడ్‌లది. పొసీడొనామికస్ అనే లోతు సముద్రపు ప్రజాతి సుమారు 4 కోట్ల ఏళ్లలో సముద్రం చల్లబడే కొద్దీ పెద్దదైందని జీన్ హంట్, కౌస్తుభ్ రాయ్ 2006లో చూపించారు.

ఏ పీతలు, ఏ రాళ్లు

ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. మ్యూజియం కేటలాగుల్లోంచి పీతల సైజులన్నీ ఒక పట్టికలో పోసి, పక్కన ఉష్ణోగ్రత గీత గీసి, రెండూ కలిశాయా అని చూడటం తేలిక. కానీ అలా కనిపించే తేడాలో సింహభాగం నివాసానిది. పగడపు దిబ్బల సందుల్లో బతికే పీతలు సాధారణంగా చిన్నవి, ఎందుకంటే సందు ఎంతో ఒళ్లు అంత. డెన్మార్క్‌లోని ఫాక్సే సున్నపురాయి క్వారీలో దొరికే డ్రోమియాప్సిస్ పీతలు డేనియన్ కాలపు (సుమారు 6.6–6.2 కోట్ల ఏళ్ల నాటి) పగడపు గుట్టల్లోవి. లండన్ క్లే అనే ఇంగ్లండ్ బంకమట్టి పొరల్లో దొరికే జాంథాప్సిస్ పీత ఈయోసీన్ కాలపు (సుమారు 5.6–3.4 కోట్ల ఏళ్ల నాటి) బురద అడుగుది. ఈ రెంటి సైజుల్నీ పోల్చి వేడి గురించి మాట్లాడితే అది నివాసం గురించి మాట్లాడినట్టే.

కాబట్టి ముందు ఒకే వంశం ఎంచుకోండి. ఒకే జాతి దొరికితే మేలు, లేకపోతే ఒకే ప్రజాతి. తర్వాత ఒకే రకం రాయి: బురదరాయిలో ఉన్నవాటిని బురదరాయిలో ఉన్నవాటితోనే పోల్చాలి. ఇసుకరాయిలో అలలు చిన్న ముక్కల్ని ఊడ్చేసి పెద్దవాటినే మిగులుస్తాయి, బురదలో అలా జరగదు. మూడోది, వేడి నిజంగా మారిన కాల సరిహద్దు ఉండాలి. మధ్య మయోసీన్ ఇందుకు అనువైనది: దాదాపు 1.7 కోట్ల ఏళ్ల నుంచి 1.47 కోట్ల ఏళ్ల వరకు వెచ్చని దశ, ఆపైన 1.39 కోట్ల ఏళ్ల దగ్గర తూర్పు అంటార్కిటికా మంచు బాగా పెరిగి సముద్రం చల్లబడింది. న్యూజీలాండ్ మయోసీన్ పొరల్లో టుమిడోకార్సినస్ ప్రజాతి పీతలు గట్టి నాడ్యూల్‌లలో (అంటే గుండ్రటి రాతి ముద్దల్లో) పూర్తి ఆకారంతో దొరుకుతాయి. మన దేశంలో కచ్‌లోని ఈయోసీన్, మయోసీన్ పొరల నుంచి పీతల శిలాజాలు వర్ణించి ఉన్నాయి.

5.6 కోట్ల ఏళ్ల నాటి హఠాత్ వేడి దశ, అంటే పీఈటీఎం, చాలామందిని ఆకర్షిస్తుంది. అప్పుడు ప్రపంచం 5 నుంచి 6 డిగ్రీలు వేడెక్కింది. కానీ ఆ ఘట్టమంతా సుమారు 2 లక్షల ఏళ్లలో ముగిసింది. మీ పొర వయసులో 5 లక్షల ఏళ్ల అనిశ్చితి ఉంటే ఆ పీత వేడిలో బతికిందో, ముందు బతికిందో చెప్పడం కుదరదు. అదే పొరల వరుసలో కార్బన్ ఐసోటోప్ విలువలు (బరువైన, తేలికైన కార్బన్ పరమాణువుల నిష్పత్తి) ఒక్కసారిగా పడిపోయిన చోటు పట్టుకుని, పీత ఆ గీతకు పైనుందా కిందనుందా అని తేల్చుకున్నాకే ముందుకెళ్లాలి.

ఏరడం

అందమైనవి, పెద్దవి, కాళ్లన్నీ ఉన్నవి ఏరుకోవడం మనిషి సహజం. సైజు అధ్యయనానికి అదే విషం. పాత సేకరణల్లో సొరుగు నిండా పెద్ద డొప్పలే ఉండటానికి కారణం పీతలు పెద్దవని కాదు, ఏరినవాళ్లకు చిన్నవి నచ్చకపోవడం. అందుకని ప్రతి పొర నుంచీ ఒకే బరువు మట్టి తీయండి. మెత్తని పొరైతే 20 కిలోలు సరిపోతాయి. ఎండబెట్టి, నానబెట్టి, 5 మి.మీ. జల్లెడ కింద 1 మి.మీ. జల్లెడ పెట్టి కడగండి. విరిగిన డెక్క (పట్టుకునే కొండి) వేళ్లన్నీ ఉంచుకోండి, చాలా పొరల్లో మిగిలే సాక్ష్యం అవే.

గట్టి నాడ్యూల్‌లు దొరికే చోట అన్ని నాడ్యూల్‌లనూ తెచ్చుకోవాలి, లేదా ఒక చదరం గీసుకుని అందులో ఉన్నవన్నీ తేవాలి. ఒడ్డున దొర్లుతున్న నాడ్యూల్‌తో పెద్ద చిక్కు ఉంది. ఇంగ్లండ్‌లోని షెపీ దీవి ఒడ్డున దొరికేవి కొండచరియ జారి వచ్చినవి. అవి ఏ పొరవో నాడ్యూల్ చెప్పదు. అలాంటివాటిని ప్రదర్శనకు ఉంచి, లెక్కలోంచి తీసేయండి. లేదంటే రాయిలోని సూక్ష్మ శిలాజాలతో వయసు కట్టించండి.

ప్రతి నమూనాకీ పొర సంఖ్య, పొర అడుగు నుంచి ఎత్తు (10 సెం.మీ. కచ్చితత్వంతో), జీపీఎస్, ఏ ముఖం పైకి ఉందో బాణం గుర్తు రాయండి. అసలైన సంగతి ఇంకొకటి: పీత చుట్టూ ఉన్న మట్టి కనీసం 200 గ్రాములు విడిగా సంచిలో కట్టి అదే నంబరు వేయండి. ఆ సంచి లేకపోతే తర్వాత ఉష్ణోగ్రత కోసం వేరే చోటి మట్టి తెచ్చుకోవాలి, అప్పుడు పీతదీ వేడిదీ ఒకే ఊరి కథ కాదు.

రాయి తీయడం

నాడ్యూల్‌ను సుత్తితో రెండుగా పగలగొడితే పగులు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు, చాలాసార్లు డొప్ప గుండానే పోతుంది. నాడ్యూల్‌ను తడిపి అంచులు చూడండి. కాళ్ల అడ్డకోతలు గోధుమ రంగు వలయాల్లా కనిపిస్తాయి. రెండు వైపులా వాటిని గుర్తిస్తే డొప్ప ఏ తలంలో పడుకుందో తెలుస్తుంది. అక్కడి నుంచి ఎయిర్ స్క్రైబ్ అనే, గాలి ఒత్తిడితో కొట్టుకునే సూది పనిముట్టు‌తో మొదలుపెట్టి కాలు వెంట ఒంటివైపు రండి. మైక్రోస్కోప్ కింద 10 రెట్ల పెద్దగా చూస్తూ, డొప్పకు అర మి.మీ. దూరంలో లావు సూది ఆపేసి సన్న సూదికి మారండి. చివరి పలుచని పొర తనంతట పెచ్చులా లేచే చోటు కోసం ఓపిక పట్టాలి. తొందరపడితే డొప్ప పైనున్న బొడిపెలు పోతాయి. బొడిపెలు పోతే జాతి గుర్తింపు పోతుంది.

యాసిడ్ వాడొద్దు. పీత గుల్ల కైటిన్ మీద పేరుకున్న కాల్షియం కార్బొనేట్, నాడ్యూల్‌ను కట్టి ఉంచే సిమెంటూ అదే. యాసిడ్‌కు రెండూ ఒకటే. మెత్తని బంకమట్టికి నీళ్లు, పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. పగుళ్లు కనిపించగానే అసిటోన్‌లో 5 శాతం పారాలాయిడ్ బీ-72 (కావాలంటే మళ్లీ కరిగించగల ప్లాస్టిక్ జిగురు) చుక్కలుగా వేసి పీల్చుకోనివ్వండి. విరిగిన ముక్కలు అతికించడానికి అదే పదార్థం చిక్కగా. సూపర్ గ్లూ గట్టిగానే అతుకుతుంది, కానీ తప్పుగా అతికితే విప్పడం కష్టం, అతుకు దగ్గర మిల్లీమీటరు తేడా కొలతలోకి వస్తుంది.

లండన్ క్లే లాంటి పొరల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటుంది. అది గాలిలో తేమకు కుళ్లి, పసుపు బూడిద కక్కి, డొప్పను లోపల్నుంచి పగలగొడుతుంది. పైరైట్ ఉన్నదాన్ని నీళ్లతో కడిగి వదిలేయకూడదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి తేమ 40 శాతం లోపు ఉంచాలి. వానాకాలంలో కోస్తా ఊళ్లలో బీరువా తలుపు వేసినంత మాత్రాన తేమ ఆగదు. డబ్బాలో చిన్న హైగ్రోమీటర్ పెట్టి, జెల్ రంగు మారగానే వేయించి మళ్లీ పెట్టండి.

కడుపు వైపు కూడా తీయాలి. ప్రదర్శనకు పైముఖం చాలు, మన పనికి కింది ముఖమే ముఖ్యం. ఎందుకో వెంటనే తెలుస్తుంది.

శవమా, విడిచిన గుల్లా? పిల్లా, పెద్దా?

పీత పెరిగేదంతా గుల్ల విడిచినప్పుడే. ఒక్క పీత జీవితకాలంలో చాలా గుల్లలు విడుస్తుంది, అన్నీ శిలాజాలు కాగలవు. అంటే మీ పెట్టెలో ఉన్న ఇరవై డొప్పలు ఇరవై పీతలవి కాకపోవచ్చు. పైగా చిన్న వయసు గుల్లలే ఎక్కువ కాబట్టి సగటు కిందికి లాగుతుంది. గుల్ల విడిచేటప్పుడు డొప్ప వెనక అంచు దగ్గర తెరుచుకుంటుంది. శిలాజంలో డొప్ప వెనకవైపు పైకి లేచి, లేదా ముందుకు జరిగి, రొమ్ము పలకతో కోణంలో ఉంటే అది విడిచిన గుల్ల కావచ్చు. అన్నీ యథాస్థానంలో బిగుసుకుని ఉంటే శవం అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకండి, కుళ్లిన శవం డొప్ప కూడా జరుగుతుంది. పట్టికలో ‘గుల్ల’, ‘శవం’, ‘తెలియదు’ అని మూడు గడులు పెట్టి, లెక్కను అన్నిటితో ఒకసారి, శవాలతో మాత్రమే ఇంకోసారి చేయండి. రెండు ఫలితాలూ ఒకే దిక్కు చూపిస్తే నిశ్చింత.

సైజుల్ని లాగరిథమ్‌లోకి మార్చి హిస్టోగ్రామ్ గీస్తే ఒక్కోసారి విడుపుల మెట్లు కనిపిస్తాయి. ఒక్కో విడుపుకి వెడల్పు 25 శాతం పెరుగుతుందనుకుంటే 20, 25, 31, 39, 49 మి.మీ. దగ్గర గుట్టలు వస్తాయి. ఇక్కడ అసలు ప్రమాదం చూడండి: ఒక్క మెట్టు తేడానే 25 శాతం, మనం వెతుకుతున్నది 8 శాతం. ఒక పొరలో చివరి మెట్టు పీతలు కొన్ని తక్కువ పడితే చాలు, లేని వేడి ప్రభావం పుట్టుకొస్తుంది. అందుకే పెద్దవాటిని పెద్దవాటితోనే పోల్చాలి.

పెద్దదని ఎలా తెలుస్తుంది? కడుపు తిప్పి చూడండి. మగపీత తోక మడత సన్నగా, త్రికోణంలా ఉంటుంది. ఈడొచ్చిన ఆడపీతది గుడ్లు మోయడానికి విశాలంగా, గుండ్రంగా పరుచుకుంటుంది. పిల్ల ఆడపీతది ఇంకా ఇరుకే. చేపల మార్కెట్లో గుడ్లపీతను తిప్పి చూసిన ఎవరికైనా ఈ తేడా కొత్త కాదు. మగవాటిలో పెద్దరికం గుర్తు డెక్కది: ఒక సైజు దాటాక డొప్ప కన్నా డెక్క వేగంగా పెరుగుతుంది. డొప్ప వెడల్పు, డెక్క ఎత్తు రెండూ లాగ్ తీసి గీస్తే గీత వంపు తిరిగే చోటే ఈడు. మగ, ఆడ విడివిడిగా లెక్కించండి. ఒక పొరలో మగవి, ఇంకోదాంట్లో ఆడవి ఎక్కువుంటే అది కూడా 5 మి.మీ. తినేస్తుంది.

కొలవడం

ప్రధాన కొలతలు మూడు: డొప్ప గరిష్ఠ వెడల్పు, పొడవు (కళ్ల మధ్య ముందంచు నుంచి వెనకంచు నడిమి దాకా), కంటి గుంటల బయటి అంచుల మధ్య వెడల్పు. చివరిది చిన్నదైనా బాగా పనికొస్తుంది, ఎందుకంటే పక్కలు విరిగిన డొప్పలోనూ ముఖం మిగులుతుంది. పక్క ముళ్లున్న జాతుల్లో ముల్లు కొన నుంచి కొలవకండి. శిలాజంలో ముల్లు మొదట విరిగేదే. ముల్లు మొదలు నుంచి మొదలుకు కొలిచి, పట్టికలో అలాగే రాయండి. పాత పుస్తకాల్లోని కొలతలు ముళ్లతో కలిపినవో కాదో చెప్పకపోతే వాటిని కలపొద్దు.

డిజిటల్ వెర్నియర్ 0.01 మి.మీ. చూపించినా నమ్మదగింది 0.1 వరకే. ప్రతి డొప్పనూ మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో, ముందు రాసింది చూడకుండా కొలవండి. మూడింటి మధ్య తేడా 2 శాతం దాటితే ఆ అంచు ఇంకా రాయిలోనే ఉందన్నమాట. మళ్లీ శుభ్రం చేయండి.

ఫొటో నుంచి ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్‌లో కొలిచేవాళ్లు స్కేలును బల్ల మీద పెడతారు. పీత డొప్ప అంచు బల్ల కన్నా 20 మి.మీ. పైనుండి, లెన్స్ బల్లకు 400 మి.మీ. దూరంలో ఉంటే డొప్ప 5 శాతం పెద్దగా కనిపిస్తుంది. మొత్తం తేడాలో సగానికి పైగా ఇక్కడే ఎగిరిపోయింది. స్కేలును దిమ్మె మీద లేపి డొప్ప అంచు ఎత్తుకు తేవాలి, కెమెరాను వీలైనంత దూరం పెట్టి 100 మి.మీ. మాక్రో లెన్స్ వాడాలి. ఫొటోకు ముందు అమ్మోనియం క్లోరైడ్ పొగతో డొప్పను తెల్లగా పూస్తే అంచులు స్పష్టంగా తేలతాయి, తర్వాత మెత్తని బ్రష్‌తో దులిపేయొచ్చు. కిటికీ తెరిచి చేయండి.

నలుగుడు సంగతి వేరు. షేల్‌లో డొప్ప పైనుంచి నొక్కుకుపోతే గుమ్మటం పరుచుకుని వెడల్పు పెరుగుతుంది, పక్కనుంచి నొక్కుకుంటే తగ్గుతుంది. నలగని నమూనాల పొడవు–వెడల్పు నిష్పత్తి చూసుకుని, దాని నుంచి 10 శాతం కన్నా దూరం పోయినవాటిని తీసేయండి. సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి సరిచేయొచ్చని చెప్పేవాళ్లుంటారు. మా అభిప్రాయంలో పీతల విషయంలో తీసేయడమే నిజాయితీ, ఎందుకంటే సరిదిద్దడానికి వాడే ఊహ వల్ల వచ్చే తప్పు 5 మి.మీ. కన్నా ఎక్కువే.

డెక్కలు మాత్రమే దొరికితే ఇప్పటి బంధువుల్ని ఆసరా చేసుకోవాలి. కదిలే వేలు పొడవు నుంచి డొప్ప వెడల్పు అంచనా వేసే గీతకు ఒక్కో లింగంలో కనీసం 30 పీతలు, చిన్నా పెద్దా కలిపి కావాలి. చేయి తిరగడానికి కాకినాడ, విశాఖ హార్బర్లలో దొరికే పోర్టునస్ పీతలు చాలు. అసలు గీతకు మాత్రం శిలాజపు కుటుంబానికి దగ్గరవే వాడాలి. కుడి, ఎడమ డెక్కలు చాలా జాతుల్లో సమానం కావు, నలిపే డెక్క వేరు, కోసే డెక్క వేరు. కలిపేస్తే గీత లావైపోతుంది. అంచనా ఎప్పుడూ పరిధితో రాయండి: 60 మి.మీ. అని కాకుండా, గీత అంతే చెప్తే 52 నుంచి 70 అని. ఆ పరిధి చూస్తేనే అర్థమవుతుంది, ఒంటరి డెక్కలతో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టమని. వందల్లో ఉంటే తప్ప.

థర్మామీటరు ఏది

పీత గుల్ల నుంచే ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచేద్దామన్న ఆలోచన రాకుండా ఉండదు. వద్దు. ఆ ఖనిజం నిలకడ లేనిది, మెగ్నీషియం ఎక్కువ, శిలాజమయ్యేటప్పుడు చాలావరకు తిరిగి స్ఫటికమవుతుంది. అదే మట్టిలోని ఫోరామినిఫెరా (పొట్టిగా ఫోరాములు, సున్నపు గుల్లలున్న ఏకకణ జీవులు), ఆల్చిప్పలు మంచి సాక్షులు. ఇందుకే ఆ 200 గ్రాముల సంచి.

బరువైన ఆక్సిజన్ ఐసోటోప్ అయిన ఆక్సిజన్-18 పాళ్ల నుంచి వేడి కట్టే సమీకరణాల్లో ఎక్కువ వాడేది 1983 నాటి ఆండర్సన్, ఆర్థర్‌లది:

ఉష్ణోగ్రత = 16 − 4.14 × తేడా + 0.13 × తేడా × తేడా

ఇక్కడ తేడా అంటే గుల్ల విలువలోంచి నీటి విలువ తీసేయగా వచ్చేది. గుల్ల విలువ పీడీబీ (PDB) అనే ప్రామాణిక కొలమానంలో, నీటి విలువ స్మౌ (SMOW) అనే కొలమానంలో ఉండాలి. ల్యాబ్ ఇచ్చిన కాగితంలో ఏ కొలమానమో మొదట చూసుకోండి. గుల్ల విలువ −1 వచ్చిందనుకుందాం. ఇప్పటి సముద్రంలా నీటి విలువ 0 అనుకుంటే జవాబు 20.3 డిగ్రీలు. ధ్రువాల్లో మంచు లేని ఈయోసీన్ సముద్రానికి నీటి విలువ దాదాపు −1. అప్పుడు తేడా సున్నా, జవాబు 16 డిగ్రీలు. గుల్ల అదే, ల్యాబ్ అదే, ఒక్క ఊహ మారితే 4 డిగ్రీలు పోయాయి.

నది కలిసే చోట ఇంకా కష్టం. మంచినీళ్లు ఐసోటోప్ విలువను కిందికి లాగుతాయి, లెక్కలో అది వేడిలా కనిపిస్తుంది. రాజమండ్రి దగ్గర దుద్దుకూరు క్వారీల్లో దక్కన్ లావా పొరల మధ్యనున్న సున్నపురాయిలో తొలి డేనియన్ ఫోరాములు దొరుకుతాయి కాబట్టి అక్కడ కొలవాలనిపిస్తుంది. కానీ అవి తీరం దగ్గర, నదినీళ్లు సోకిన పొరలు. అలాంటిచోట ఆక్సిజన్-18 ఒక్కదాన్నే నమ్మకండి. క్లంప్డ్ ఐసోటోప్ పద్ధతికి (బరువైన ఐసోటోపులు ఒకదానితో ఒకటి ఎంత జతకట్టాయో కొలిచేది) నీటి విలువ తెలియక్కర్లేదు, నమూనా మాత్రం ఎక్కువ కావాలి, పూడిపోయాక రాయి వేడెక్కి ఉంటే పనికిరాదు. గుల్లలోని మెగ్నీషియం–కాల్షియం నిష్పత్తి ఇంకో దారి. అందులో చిక్కు సముద్రమే: ఇప్పటి సముద్రపు నీటిలో ఆ నిష్పత్తి 5.2, ఈయోసీన్‌లో అందులో సగం కూడా లేదు. ఇప్పటి సమీకరణం యథాతథంగా పెడితే వేడి తక్కువగా వస్తుంది.

ఫోరాములు ఎంచేటప్పుడు గాజులా మెరిసేవే తీసుకోండి. సుద్దలా తెల్లబడినవి సముద్రపు అడుగు చల్లదనంలో తిరిగి స్ఫటికమైనవి. 2001లో పియర్సన్ బృందం టాంజానియా బంకమట్టిలోని గాజు ఫోరాములు కొలిచి చూపేదాకా, సుద్ద ఫోరాముల పుణ్యమా అని ఈయోసీన్ ఉష్ణమండల సముద్రాలు నిజానికన్నా చల్లనివని నమ్మారు.

ఆల్చిప్ప అయితే పెరుగుదల గీతలకు అడ్డంగా సన్న డ్రిల్‌తో 50 నుంచి 100 మైక్రోగ్రాముల పొడి చొప్పున వరసగా 15–20 చోట్ల తీయండి, రెండేళ్ల పెరుగుదలైనా దాటాలి. ఏడాది సగటు ఒక్కటే తీసుకుంటే పీత నిజంగా పెరిగిన ఋతువు కనిపించదు. చలి సముద్రాల్లో పీతలు ఎదిగేది ఎక్కువగా వెచ్చని నెలల్లోనే. రెండు పొరల వార్షిక సగటు ఒకటే అయినా ఎండాకాలాలు వేరుగా ఉండొచ్చు.

2020లో వెస్టర్‌హోల్డ్ బృందం వేసిన 6.6 కోట్ల ఏళ్ల వాతావరణ గీత అందరికీ అందుబాటులో ఉంది, చూడముచ్చటగానూ ఉంటుంది. కానీ అది లోతు సముద్రపు అడుగు ఫోరాములది. మీ పీత 30 మీటర్ల లోతులో బతికింది. ఆ గీత నుంచి దిక్కు తీసుకోండి, డిగ్రీలు తీసుకోకండి.

లెక్క

పెద్ద పీతల వెడల్పుల్లో సహజంగా 15 శాతం చెదురు ఉంటుందనుకుంటే, 8 శాతం తేడాను 80 శాతం నమ్మకంతో పట్టడానికి వెచ్చని పొర నుంచి దాదాపు 56, చల్లని పొర నుంచి దాదాపు 56 పెద్ద డొప్పలు కావాలి. ఒక్కో దశకు ఒక్క పొరే ఉంటే ఎన్ని డొప్పలున్నా అది ఒక్క జత కింద లెక్క. ఆ రెండు పొరల మధ్య వేడి తప్ప ఇంకేమీ మారలేదని ఎవరూ హామీ ఇవ్వరు. పది పొరల నుంచి పదేసి డొప్పలు, రెండు పొరల నుంచి యాభయ్యేసి కన్నా విలువైనవి.

‘అన్నిటికన్నా పెద్ద పీత’ను పోల్చకండి. 200 నమూనాల పొరలో గరిష్ఠం 15 నమూనాల పొరలో గరిష్ఠం కన్నా పెద్దదే అవుతుంది, వేడితో పనిలేదు. గరిష్ఠమే కావాలంటే పెద్ద పొర నుంచి యాదృచ్ఛికంగా 15 తీసి గరిష్ఠం రాయడం వెయ్యిసార్లు చేసి, చిన్న పొర గరిష్ఠం ఆ పరిధిలో ఎక్కడ పడుతుందో చూడండి.

పొరల వరుస పొడవుగా ఉంటే సైజు గీత, వేడి గీత రెండూ మెల్లగా జారుతూ ఉంటాయి. జారే రెండు గీతల మధ్య సంబంధం లేకపోయినా పరస్పర సహసంబంధం ఎక్కువే వస్తుంది. పొర నుంచి పొరకు వచ్చిన మార్పుల్ని మార్పులతో పోల్చండి. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో జీన్ హంట్ రాసిన పేలియోటీఎస్ ప్యాకేజీతో ‘ఊరికే తిరుగాడిన సైజు’, ‘నిలిచిన సైజు’, ‘వేడి వెంట నడిచిన సైజు’ మూడు నమూనాలూ పెట్టి ఏది బాగా కుదురుతుందో చూడొచ్చు. రాయి రకం, లింగం, గుల్లా శవమా అన్నవి మోడల్‌లో విడి చలరాశులుగా ఉండాలి.

ఫలితం తిరగబడి, వెచ్చని పొరలో పీతలు పెద్దవిగా వస్తే కంగారు పడి డేటా ఏరడం మొదలుపెట్టకండి. మొదట జాతి అదేనా చూడండి. వేడెక్కినప్పుడు వెచ్చని వైపు నుంచి పెద్ద బంధువు వచ్చి చేరడం, ఉన్నది చల్లని వైపు తరలిపోవడం మామూలే. తర్వాత తిండి: పొరలో చిప్పలు దట్టంగా ఉన్నాయా అని లెక్కించండి, చిప్పలు పగలగొట్టి తినే పీతకు అదే పళ్లెం. ఆ తర్వాత లోతు. ఆస్ట్రేలియా దక్షిణాన ఖండపు వాలు మీద చల్లని నీళ్లలో బతికే సూడోకార్సినస్ గిగాస్ 13 కిలోల దాకా పెరుగుతుంది. కానీ అది చల్లదనం వల్ల పెద్దదా, ఏళ్ల తరబడి బతకడం వల్ల పెద్దదా అన్నది ఆ ఒక్క జాతిని చూసి చెప్పలేం. మీ పొరలోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి.

పట్టిక పంచుకునేటప్పుడు సగటులు కాకుండా ఒక్కో డొప్పకు ఒక్కో వరుస పెట్టండి: మ్యూజియం నంబరు, పొర, ఎత్తు, రాయి రకం, లింగం, పెద్దా పిల్లా, గుల్లా శవమా, మూడు కొలతలూ మూడేసిసార్లు, నలుగుడు గుర్తు. ఉష్ణోగ్రత నిలువు వరుసలో లెక్కకట్టిన డిగ్రీలతో పాటు ల్యాబ్ ఇచ్చిన అసలు ఐసోటోప్ విలువ, మీరు ఊహించిన నీటి విలువ కూడా ఉండాలి. రేపు నీటి విలువ అంచనా మారితే మీ పట్టిక వాడేవాళ్లు మళ్లీ రాయి కొట్టకుండా లెక్క మాత్రమే మార్చుకుంటారు.